అయిదడుగుల బల్ల మీద షంటింగ్ యార్డు: సీనరీకి ముందు పొడవుల లెక్క

మీ ప్రశ్నలు ఇవి: ఎంవీపీ కాలనీలో ఫ్లాటు, హాల్లో గోడ వెంట 5 అడుగుల పొడవు, అడుగు వెడల్పు చోటు. పదేళ్ల అమ్మాయితో కలిసి విశాఖ పోర్టు సైడింగ్‌ని తలపించే చిన్న షంటింగ్ లేఅవుట్ (ఇంజన్‌తో వ్యాగన్లని ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మార్చి పేర్చే మోడల్ రైల్వే) కట్టాలనుకుంటున్నారు. హెచ్‌ఓ సైజు మోడల్ తీసుకోవాలా, అంతకన్నా చిన్నదైన ఎన్ తీసుకోవాలా? డీసీసీ (పట్టాల ద్వారా ఇంజన్‌కి డిజిటల్ సంకేతాలు పంపే కంట్రోల్) ఉండాల్సిందేనా? సముద్రపు గాలికి పట్టాలు నిలుస్తాయా?

చోటు చాలు. అయితే చిన్న లేఅవుట్‌లో అసలు పని సీనరీ కాదు, ఇంజన్ కూడా కాదు. ఏ లైను ఎంత పొడవుండాలి అన్న లెక్క. అది కుదిరితే మిగతావన్నీ తర్వాత సరిచేసుకోవచ్చు. అది తప్పితే ఎంత అందంగా కట్టినా నెల తిరిగేసరికి దాని మీద దుమ్ము పేరుకుంటుంది. అందుకే నా జవాబులో సగం ఆ లెక్కే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

గుండ్రంగా తిరిగే ట్రాకు ఆలోచన వదిలేయండి. హెచ్‌ఓలో సెట్లతో వచ్చే బాగా బిగుతైన వంపుకి కూడా దాదాపు 80 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. మీ దగ్గరున్నది 30. షంటింగ్ సంగతి విశాఖ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. చెన్నై నుంచి హౌరాలోని షాలిమార్‌కి వెళ్లే కోరమండల్ లాంటి బండి మన స్టేషన్లోకి వచ్చిందంటే దిశ మారాల్సిందే. ఒక కొసన ఇంజన్ విప్పి ఇంకో కొసన తగిలిస్తారు. ప్లాట్‌ఫాం చివర నిలబడి ఆ తగిలించడం చూడని పిల్లలు మన ఊళ్లో తక్కువ. మీరు కట్టబోయేది ఆ పనినే, కాకపోతే గూడ్స్ వ్యాగన్లతో.

ఇంత చోటుకి నేను సూచించేది ఇంగిల్‌నుక్ ప్లాను. బ్రిటన్‌లో అలన్ రైట్ అనే మోడలర్ 1970ల చివర్లో చేసిన లేఅవుట్ నుంచి ఆ పేరొచ్చింది. రెండే పాయింట్లు (ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి బండిని మళ్లించేవి), మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు). ఒకదాంట్లో 5 వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింట్లో మూడేసి. ఇటు కొసన షంటింగ్ నెక్ (ఇంజన్ వ్యాగన్లని లాక్కుని వచ్చే డెడ్ ఎండ్ లైను), దాంట్లో ఇంజనూ 3 వ్యాగన్లూ మాత్రమే పట్టాలి. మొత్తం వ్యాగన్లు 8. ఎనిమిది చీటీలు వేసి అయిదు తీయండి. తీసిన వరుసలోనే ఆ అయిదు వ్యాగన్లనీ పొడుగు లైన్లో నిలబెట్టడమే ఆట. ఎనిమిదింటిలో అయిదింటిని 6,720 వరుసల్లో పేర్చవచ్చు, ఏ వరుస వచ్చినా సాధ్యమే. అమెరికాలో జాన్ అలెన్ 1972లో ప్రచురించిన టైమ్‌సేవర్ అనే ప్లాను కూడా మీకు ఎదురుపడుతుంది. దానికి అయిదు పాయింట్లు కావాలి, ఖర్చు ఎక్కువ, మీ చోటులో ఇరుకు. మొదటి లేఅవుట్‌గా దాని జోలికి వెళ్లకండి.

ఆట ఎలా నడుస్తుందో ఒక ఎత్తు చూడండి. పొడుగు లైన్లో అయిదు వ్యాగన్లు ఉన్నాయి, ఒక పొట్టి లైన్లో మూడు, ఇంకోటి ఖాళీ. మీకు కావలసింది అయిదింటిలో మూడోది. ఇంజన్ వెళ్లి ముందున్న మూడింటినీ పట్టుకుని నెక్‌లోకి లాగుతుంది. డెడ్ ఎండ్‌కి వేలెడు దూరం దాకా వెళ్తేగానీ ఆ మూడో వ్యాగన్ చివరి చక్రం పాయింటు టంగ్ రైలు (పాయింటులో అటూ ఇటూ జరిగే పట్టా) దాటదు. పాయింటు మార్చి, మూడింటినీ ఖాళీ లైన్లోకి నెట్టి, కావలసిన ఒక్కదాన్ని అక్కడ విడదీసి, మిగతా రెండింటితో మళ్లీ నెక్‌లోకి రావాలి. ఇప్పుడు ఆ రెండూ ఎక్కడ పెట్టాలి? ఎక్కడ పెడితే తర్వాతి వ్యాగన్‌కి అడ్డం రాకుండా ఉంటాయి? ఇరుకులోంచే ఈ ఆలోచన పుడుతుంది. నెక్‌లో నాలుగో వ్యాగన్‌కి చోటిచ్చారంటే సగం ఆట పోయినట్టే. కాబట్టి పొడవు ఎక్కువైతే మంచిదేగా అనుకోకండి.

ఇక లెక్క. హెచ్‌ఓ అంటే అసలు కొలతలో 87వ వంతు. మన బాక్స్‌ఎన్ వ్యాగన్, అంటే ఇనుప ఖనిజం, బొగ్గు మోసే ఆ తెరుచుకున్న పెట్టె, కప్లర్ (వ్యాగన్లని కలిపే కొక్కెం) నుంచి కప్లర్‌కి 10.713 మీటర్లు. హెచ్‌ఓలో 123 మిల్లీమీటర్లు. మీరు 125 అనుకోండి. అయిదింటికి 625, మూడింటికి 375. ఇంజన్ డబ్ల్యూడీఎం-2 డీజిల్ అయితే అసలుది 17.12 మీటర్లు, మోడల్‌లో 197. దాన్ని 200 వేసుకుంటే నెక్ పొడవు 200, 375 కలిపి 575. పీకో కంపెనీ కోడ్ 100 రకం చిన్న పాయింటు ఒక్కోటి 185 మిల్లీమీటర్లు. పాయింటు దాటగానే వ్యాగన్ నిలపలేం, పక్క లైన్లో వెళ్లే వ్యాగన్ దీన్ని రాసుకుంటుంది. ఆ ఎడానికి 100 వదలండి. మొత్తం 575, 185, 100, 625 కలిపితే 1,485. అయిదడుగులంటే 1,524. అంటే రెండు కొసల్లోనూ బఫర్లకి కలిపి 39 మిల్లీమీటర్లే మిగులుతుంది. సరిగ్గా సరిపోయింది. పొట్టి లైన్లు రెండో పాయింటు దాటాక మొదలవుతాయి, అవి 375 కాబట్టి వాటికి ఇబ్బంది లేదు.

ఆ 100 ఎడం నా అంచనా, మీ ట్రాకులో కొలిచి తేల్చుకోండి. యార్డుల్లో రెండు లైన్లు కలిసే చోట మధ్యలో సున్నం వేసిన ఫౌలింగ్ మార్క్ చూసి ఉంటారు, దాని లోపలే బండి నిలవాలి. మీరూ అదే చేయండి. ఒక లైన్లో వ్యాగన్ పెట్టి, పక్క లైన్లో ఇంకో వ్యాగన్‌ని చేత్తో తోస్తూ, రెండింటి మధ్య కనీసం 4 మిల్లీమీటర్లు ఉన్నచోట పెన్సిల్ గీత పెట్టండి. తర్వాత అక్కడే చిన్న తెల్ల రాయి అతికించండి. చూడ్డానికీ బాగుంటుంది, అమ్మాయికి ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది.

పైసా ఖర్చు పెట్టకముందే ఇదంతా కాగితం మీద చేయొచ్చు. పాయింట్ల నమూనాలు అసలు సైజులో ప్రింట్ తీసి, 125 మిల్లీమీటర్ల అట్టముక్కలు ఎనిమిది కోసి, నేల మీద పరిచి ఆడి చూడండి. అట్టముక్కలతోనే ఆట రక్తి కడితే అప్పుడు కొనడం మొదలుపెట్టండి. చోటు నాలుగడుగులకి తగ్గాల్సి వస్తే 3-2-2 ప్లాను ఉంది: 5 వ్యాగన్లు, అందులో 3 ఎంచుకోవడం. వరుసలు 60కి పడిపోతాయి గానీ చిన్నపిల్లలకి అదే హాయి.

ఎన్ స్కేల్ 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. ఇదే ఆట మూడడుగుల్లో పడుతుంది. అయినా మీకు హెచ్‌ఓనే చెప్తాను. ఎన్‌లో ఇంజన్ తేలిక, చక్రాలు చిన్నవి, మన తేమకి పట్టా మీద పట్టే పొరకి ముందు ఆగిపోయేది అదే. పైగా కప్లర్ విడదీయడం పదేళ్ల పిల్ల చేతికి అందే పనిగా ఉండాలి. ఒక్క సంగతి ముందే తెలుసుకోండి. హెచ్‌ఓ ట్రాకు 16.5 మిల్లీమీటర్లు, అది 1,435 మిల్లీమీటర్ల గేజ్‌కి సరిపోయేది. మన బ్రాడ్ గేజ్ 1,676, కాబట్టి నిజానికి 19.3 ఉండాలి. మన దేశంలో చాలామంది ఆ తేడాతో సర్దుకుపోతారు, రెడీమేడ్ ట్రాకు వాడుకోవాలంటే వేరే దారి లేదు.

ఏ కాలం, ఏ సైడింగ్ అన్నది కూడా ముందే అనుకోవాలి. ఇప్పుడు గూడ్స్ బళ్లు చాలావరకు బ్లాక్ రేకులు (రేకు అంటే ఒకటిగా నడిచే వ్యాగన్ల వరుస). ఒకే రకం వ్యాగన్లు ఒకచోట నింపుకుని ఇంకోచోట ఖాళీ అవుతాయి, ఒక్కో వ్యాగన్‌ని ఏరే పని తగ్గిపోయింది. పోర్టు సైడింగ్‌లో ఎనిమిది బాక్స్‌ఎన్‌లని అటూ ఇటూ మారుస్తుంటే, రైల్వే తెలిసినవాళ్లు ఎందుకని అడుగుతారు. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, నాలుగు చక్రాల పాత వ్యాగన్ల కాలానికి వెళ్లడం. అప్పుడు ఏరి కూర్చడం రోజువారీ పని, వ్యాగన్లూ పొట్టివి. రెండోది నాకు ఎక్కువ నచ్చింది: మీ లేఅవుట్‌ని సిక్ లైన్ చేయండి. పరీక్షలో లోపం బయటపడిన వ్యాగన్‌ని సిక్ మార్క్ చేసి రేకులోంచి తప్పించి మరమ్మతుకి పంపుతారు, బాగైనదాన్ని తిరిగి కలుపుతారు. పోర్టుకి ఖనిజం మోసే ఊళ్లో ఇది పూర్తిగా నమ్మదగిన దృశ్యం. ఒక పొట్టి లైన్ పక్కన రేకుల షెడ్డు, నాలుగు జతల చక్రాలు, జాకీలు పెడితే చాలు, ప్రతి కదలికకీ కారణం దొరుకుతుంది.

బీసీఎన్ లాంటి మూసిన వ్యాగన్ అందంగానే ఉంటుంది గానీ, 15.4 మీటర్ల పైచిలుకు. హెచ్‌ఓలో 177 మిల్లీమీటర్లు. రిఫైనరీ ట్యాంకు వ్యాగన్లు కూడా బాక్స్‌ఎన్ కన్నా పొడుగు. వాటిని ఒకటి రెండు కలిపినా మూడు వ్యాగన్ల లెక్క తప్పుతుంది. ఎనిమిదీ ఒకే పొడవుండేలా చూసుకోండి. నంబర్లు, తుప్పు మరకలు, లోపలి సరుకు వేరుగా ఉంటే గుర్తుపట్టడానికి సరిపోతుంది.

బల్ల విషయంలో మన ఊరికి ఒకటే నియమం: పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ వద్దు. ఒక్క వానాకాలానికే అంచులు ఉబ్బుతాయి. ఐఎస్ 710 మార్కున్న బీడబ్ల్యూపీ ప్లైవుడ్ 9 మిల్లీమీటర్లది తీసుకుని, కింద చెక్క పట్టీలతో ఫ్రేము కొట్టించండి. కోసిన అంచులతో సహా ఆరు వైపులా ప్రైమర్, పెయింటు వేయండి. అడుగు భాగం ఎవరికీ కనపడదని వదిలేస్తారు, తేమ పట్టేది అక్కడే. ప్లైవుడ్ మీద 3 మిల్లీమీటర్ల కార్క్ షీటు, దాని మీద ట్రాకు. గుట్టల కోసం థర్మోకోల్ వాడితే తెల్ల ఫెవికాల్‌తోనే అతికించండి, ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగురు దాన్ని కరిగించేస్తుంది.

పట్టాలు నికెల్ సిల్వర్‌వే కొనండి. పేరులో సిల్వర్ ఉన్నా అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం, తుప్పు పట్టదు. పాత సెట్లలో వచ్చే ఉక్కు పట్టాలు సముద్రపు గాలికి నిలవవు. పాయింట్లు మాత్రం క్రాసింగ్‌లో (రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట, దాన్నే ఫ్రాగ్ అంటారు) కూడా కరెంటు ఉండే రకం, లైవ్ ఫ్రాగ్ అంటారు, అదే కొనండి. ప్లాస్టిక్ ఫ్రాగ్ ఉన్న పాయింటు మీద ఇంజన్ నెమ్మదిగా వెళ్తే సరిగ్గా అక్కడే ఆగుతుంది. షంటింగ్ అంటేనే నెమ్మదిగా పాయింటు దాటడం కదా.

లైవ్ ఫ్రాగ్‌కి చిన్న వైరింగ్ ఉంది, టెన్షన్ పడక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే డీపీడీటీ స్లైడ్ స్విచ్ ఒకటి బల్ల ముందు అంచున బిగించండి. సైకిల్ చువ్వ ఒకటి తీసుకుని ఒక కొస స్విచ్ మీటకి, ఇంకో కొస సన్నని స్టీలు తీగతో పాయింటు టై బార్‌కి (టంగ్ రైళ్లని కలిపి జరిపే పట్టీకి) తగిలించండి. చువ్వ జారడానికి ఖాళీ బాల్‌పెన్ రీఫిల్‌ గొట్టం సరిపోతుంది. స్విచ్ మీట కదిలే దూరం పాయింటు కదిలే దూరం కన్నా ఎక్కువ. మధ్యలో ఉన్న తీగ కొద్దిగా వంగి ఆ తేడాని మింగేస్తుంది. చువ్వని నేరుగా కలిపితే టై బార్ విరుగుతుంది. స్విచ్‌లో మధ్య కాలుకి ఫ్రాగ్ తీగ, పక్క రెండు కాళ్లకి రెండు స్టాక్ రైళ్ల (పాయింటులో బయటి వైపు కదలని పట్టాల) తీగలు. ఫ్రాగ్ నుంచి బయటికి వెళ్లే రెండు పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు (పట్టాలని కలిపే ముక్కలు) పెట్టాలి, లేకపోతే షార్ట్ అవుతుంది. ఆ జాయినర్ల అవతల ప్రతి పట్టా ముక్కకీ విడిగా తీగ సోల్డర్ చేయండి, లోహపు జాయినర్ని నమ్ముకోవద్దు. సోల్డరింగ్‌కి యాసిడ్ ఫ్లక్స్ కాకుండా రోజిన్ ఫ్లక్స్ వాడండి.

డీసీసీ అక్కర్లేదు. ఒకే ఇంజన్, రెండు పాయింట్లు. మామూలు 12 వోల్టుల డీసీ చాలు. మంచి 12 వోల్టుల అడాప్టర్, ఒక పీడబ్ల్యూఎం (కరెంటుని వేగంగా ఆపి ఆపి ఇచ్చే) స్పీడ్ కంట్రోలర్, దిశ మార్చే, మధ్యలో పెడితే కరెంటు ఆగిపోయే (సెంటర్-ఆఫ్) టాగిల్ స్విచ్, భద్రతకి 1 ఆంపియర్ పాలీఫ్యూజ్. పీడబ్ల్యూఎం వల్ల మోటారు తక్కువ వేగంలో కూడా కుదుపు లేకుండా తిరుగుతుంది. కోర్‌లెస్ మోటారున్న ఇంజన్‌కీ, డీసీసీ డీకోడర్ ఉన్నదానికీ మాత్రం ఆ కంట్రోలర్ వాడకండి. 230 వోల్టులు అడాప్టర్ దగ్గరే ఆగిపోవాలి, బల్ల కిందికి రాకూడదు.

డబ్బు దాచుకుని ఖర్చు పెట్టాల్సింది ఇంజన్ మీద. అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకోవాలి, బరువుండాలి. పక్కా భారతీయ ఇంజన్ రెడీమేడ్‌గా దొరకడం కష్టం. చాలామంది నడక బాగున్న అమెరికన్ షంటర్ ఛాసిస్ మీద 3డీ ప్రింట్ బాడీ పెట్టుకుంటారు. కొనేముందు నెమ్మదిగా నడిపి చూడమనండి. షంటింగ్ వేగం గంటకి 15 కిలోమీటర్లు అనుకుంటే, హెచ్‌ఓలో అది సెకనుకి 48 మిల్లీమీటర్లు. మీ బల్ల ఈ కొస నుంచి ఆ కొసకి అరనిమిషం పైనే పట్టాలి. వ్యాగన్‌ని తాకే ముందు మనిషి నడక కన్నా తక్కువ వేగం, అంటే సెకనుకి ఓ 10 మిల్లీమీటర్లు. ఆ వేగంలో ఆగకుండా నడిచే ఇంజన్ ఏ కంపెనీదైనా మీకు సరైనదే.

కప్లర్లు కేడీ రకం నకిల్ కప్లర్లు వేయండి, మన వ్యాగన్ల సీబీసీకి (సెంటర్ బఫర్ కప్లర్‌కి) దగ్గరగా కనిపిస్తాయి. ఎనిమిదీ, ఇంజనూ ఒకే ఎత్తులో ఉండాలి, ఎత్తు కొలిచే గేజ్ కొనడం దండగ కాదు. విడదీయడానికి మాగ్నెట్లు ఉన్నాయి గానీ, నా ఓటు పుల్లకే. కాలిపోయిన అగరుబత్తి వెదురు పుల్ల కొసని చాకుతో పలకలా చెక్కండి. వ్యాగన్లని కొద్దిగా దగ్గరికి నెట్టి, రెండు నకిళ్ల మధ్య పై నుంచి పుల్ల దించి పావు చుట్టు తిప్పితే చాలు, విడిపోతాయి. వ్యాగన్ ఒక్కోటి 95 నుంచి 100 గ్రాములు ఉండేలా లోపల వాషర్లు అతికించండి. తేలికైన వ్యాగన్ కప్లర్ తాకగానే పారిపోతుంది, కలవదు.

సముద్రపు గాలి సంగతి. బాల్కనీలో, సముద్రం వైపు కిటికీ కింద వద్దు. ఆట అయ్యాక పల్చటి గుడ్డ కాకుండా పెట్టెలాంటి మూత వేయండి. ఆడే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలు గుడ్డతో పట్టాలు, నెలకోసారి చక్రాలు తుడవండి. గరుకు కాగితం మాత్రం తాకించొద్దు. గీతలు పడితే వాటిలోనే మురికి పేరుకుంటుంది.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. బీచ్ ఇసుకని బ్యాలస్ట్‌గా (పట్టాల కింద కంకరగా) వాడొద్దు. ఉప్పు ఒక కారణం. రెండోది ఇంకా ముఖ్యం: మన తీరం ఇసుకలో నల్ల రేణువులు కనిపిస్తాయి కదా, వాటిలో అయస్కాంతానికి అంటుకునేవి ఉన్నాయి. నమ్మకపోతే కాగితం మీద గుప్పెడు ఇసుక పోసి, కాగితం కింద మాగ్నెట్ జరపండి, నల్లటి గీత దాని వెంటే పాకుతుంది. అవే మోటారులోకి, గేర్లలోకి పోతాయి. అలాగే ఎర్రమట్టి రంగు కోసం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి చిటికెడు కూడా తేవద్దు, అది జాతీయ భూవారసత్వ స్థలం. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెడ్ ఆక్సైడ్ పొడిని మ్యాట్ వార్నిష్‌లో కలిపి పల్చగా వేస్తే పోర్టు ఖనిజపు దుమ్ము రంగు అచ్చంగా వస్తుంది.

బ్యాలస్ట్‌కి క్రషర్ పొడి కడిగి ఆరబెట్టి, టీ వడపోత జల్లెడ పట్టండి. అసలు కంకర 65 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో ముప్పావు మిల్లీమీటరు, బొంబాయి రవ్వంత. నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి డ్రాపర్‌తో వదలండి. పాయింటు టంగ్ రైళ్ల దగ్గర మాత్రం జిగురు పోయొద్దు. ఇంతకీ బ్యాలస్ట్ వేసేది ఎప్పుడు? అయిదు వ్యాగన్లని నెడుతూ, లాగుతూ రెండు పాయింట్ల మీదా ఒక్కటీ పట్టా తప్పకుండా వారం రోజులు నడిచాకే. వెనక గోడకి డాల్ఫిన్స్ నోస్ కొండ గీత, రెండు క్రేన్లు పల్చటి రంగుల్లో వేయించండి, ఎక్కువ వివరం వద్దు. యార్డు ఎలా ఉంటుందో చూడాలంటే స్టేషన్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద నుంచి చూడండి. పోర్టు, యార్డు లైన్లలోకి అమ్మాయిని తీసుకుని దిగకండి.

మీ అమ్మాయికి పాయింట్స్‌మన్ పని ఇవ్వండి. పుల్ల, పాయింటు స్విచ్‌లు తన చేతిలో, కంట్రోలర్ మీ చేతిలో. తను పచ్చ జెండా ఊపకుండా ఇంజన్ కదలకూడదని నియమం పెట్టుకోండి. చీటీలు తనే తీస్తుంది, వరుస తనే ఆలోచిస్తుంది. రెండో ఆటలో చోట్లు మార్చుకోండి. ముందు 3-2-2తో మొదలుపెట్టండి, కాగితం ప్లాను మీద ఒక చిన్న గీత గీస్తే అదే బల్ల మీద ఆడొచ్చు. అట్టముక్కలు పరిచాక 100 ఎడం చాలలేదనిపిస్తే, పాయింటు నుంచి ఫౌలింగ్ మార్క్ దాకా కొలత రాయండి, ట్రాకు కొనకముందే సరిచేద్దాం.